ముడుమాల్ ప్రయాణ సందేశం: సటీకా తాత్పర్యము

మూలము: “డియర్ ఆల్, ఆదివారం షార్ప్ ఐదింటికి ముడుమాల్ బయలుదేరుతున్నాం. దారిలో మన్యంకొండ కవర్ చేద్దాం. వెహికల్ సంగతి చూద్దాం. ఓన్ వెహికల్ ఉన్నవారు డైరెక్టుగా రాగలరు. అందరూ కోఆపరేట్ చేయగలరు.”

అవతారిక: హైదరాబాదులోని మా కాలనీ సంఘం కార్యదర్శిగారు వాట్సాప్ ముఖంగా అనుగ్రహించిన గద్యమిది. నాయకుడు ధీరోదాత్తుడు, కారు గలవాడు. రసం వీరమని కొందరు, అద్భుతమని కొందరు. ఆదివారం దాటాక గాని తేలదు.

టీక: డియర్ ఆల్, ఆదివారం: స్పష్టము.

షార్ప్: పాదపూరణార్థకము. తీసేసినా అర్థహాని లేదు, ఉంచినా సమయలాభం లేదు.

ముడుమాల్: నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ సుమారు 80 ఎకరాల్లో, 3,000 ఏళ్లకు పైబడిన నిలువురాళ్లున్నాయి. పెద్దవి 10 నుంచి 14 అడుగులు. ఊరివాళ్లకు అది నిలురాళ్ల తిమ్మప్ప చోటు. ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఒక బండమీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాక మా కాలనీవారికీ కనబడ్డాయి.

ఐదింటికి: శంక. అంత పెందలాడే ఎందుకు? సమాధానం. కొన్ని రాళ్ల వరుసలు విషువత్తుల, అయనాంతాల నాటి సూర్యోదయ సూర్యాస్తమయాల దిక్కును పట్టి నిలిపినవని పరిశోధకుల మాట. అంటే వాటిని చూడవలసింది పొద్దు వాలుగా ఉన్నప్పుడు. మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా 180 కిలోమీటర్లకు అటూఇటూ దారి. ఐదు ఆరున్నరై, టిఫిన్లై, మన్యంకొండై, అక్కడ దిగేసరికి నీడ అరికాలి కిందకు చేరుతుంది. సెల్ఫీకి అదీ చాలు.

దారిలో మన్యంకొండ: ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. దారిమధ్యలో గుడి చూపించడం కాళిదాసుకే సమ్మతం. మేఘసందేశంలో యక్షుడు రామగిరి నుంచి అలకకు మబ్బును పంపుతూ, వంకరదారైనా సరే ఉజ్జయిని చూసి వెళ్లమన్నాడు. అయితే ముందు దారి విను, సందేశం తర్వాత చెబుతానన్నాడు. ఆ క్రమం గమనించండి! ఆమ్రకూటం మీద అలసట తీర్చుకోమన్నాడు. కురిసి తేలికపడ్డాక రేవానది నీళ్లు తాగమన్నాడు, లేకపోతే గాలికి కొట్టుకుపోతుందని. మహాకాళుడి గుడికి ఏ వేళకు చేరినా పొద్దుగూకేదాకా ఉండమన్నాడు, సంధ్యపూజలో ఉరుమే నగారా అవుతుంది గనుక. పావురాలు నిద్రపోయే ఏదైనా మేడమీద రాత్రి గడిపి, పొద్దు పొడవగానే కదలమన్నాడు. ఆగే చోటు, నీళ్లు, బస, బయలుదేరే వేళ, దేనికీ లోటు లేదు. ఇదంతా విరహంతో ప్రాణమున్నదేదో లేనిదేదో తెలియని స్థితిలో చేసిన ఏర్పాటు! ఈ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచాలవాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టినవాడు. ఆ ప్రతిజ్ఞ ఈపాటికే నా చేతిలో భంగమైంది. పైగా కార్యదర్శిగారిని మన్యంకొండ మెట్ల దగ్గర వదిలేసి చాలాసేపైంది.

వెహికల్ సంగతి చూద్దాం: ఉత్తమపురుష బహువచనం. క్రియ ఉంది, కర్తలు ఎవరికివారే తప్పుకున్నారు. “ఎవరైనా చూడండి” అని శనివారం రాత్రి పాఠాంతరం.

ఓన్ వెహికల్ ఉన్నవారు: లేనివారు అధ్యాహార్యము, అనగా వాక్యంలో చోటు లేదు, మనమే ఊహించుకోవాలి. మా వీధి చివర రిటైరైన టీచరమ్మ ఉన్నారు. జీవితమంతా పిల్లలకు చరిత్ర చెప్పారు. కిందటిసారి “బాబూ, మీ బండిలో ఒక చోటుందా?” అని ముగ్గురి గడప తొక్కారు. చివరికి వెనకసీట్లో ఇడ్లీ క్యారియరు ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. దిగగానే బండివారు ఆమెను పెట్రోలు వాటా అడిగారు. ఇందులో అలంకారమేమీ లేదు, ఒళ్లు మండటం తప్ప.

రైలు సంగతి ఎవరికీ తట్టలేదు. జక్లేర్ నుంచి కృష్ణా దాకా కొత్త లైను 2023 అక్టోబరు 1న జాతికి అంకితమైంది. కాచిగూడ, రాయచూరు మధ్య రైలుకు ఆ రోజే కృష్ణా స్టేషన్ నుంచి పచ్చజెండా ఊపారు. ముడుమాల్ ఉన్నది కృష్ణా మండలంలోనే. రైలు వేళ కనుక్కుని, స్టేషన్ నుంచి రాళ్ల దాకా రానూపోనూ రెండు ఆటోలు ముందే మాట్లాడిపెడితే చాలు. కార్యదర్శి పదవికి ఆపాటి పని ఉండాలి. కానీ అందులో హోదా ఏముంది? ఆటో అద్దంమీద సంఘం స్టిక్కరు అతికిస్తే ఎవరు చూస్తారు?

తాత్పర్యము: కారున్నవారు కారులో వెళ్తారు. లేనివారు కోఆపరేట్ చేస్తారు.