మా బాపు బర్మారు

టెక్సాస్‌లో ఉండే మా మనుమడు మొన్న ఫోన్ చేసి, బాగోగులైనా అడగకముందే, "తాతా, అడవి పందిని కొట్టాలంటే ఏ పిస్తోలు మంచిది? ఫార్టీఫోర్ మాగ్నమా, టెన్ ఎమ్మెమ్మా?" అన్నాడు. అక్కడ 2019 నుంచి భూమి గలాయన ఒప్పుకుంటే చాలట, ప్రైవేటు భూమిలో పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదట. స్నేహితులతో పోతున్నాడు. ఎన్ని తూటాలు పడతాయి, ఏ కంపెనీ తూటా మంచిది, ఏకధాటిగా చెప్పుకుపోయాడు.

అంతా విని, "పందికి తగలని గుండు ఎటు పోతది బిడ్డా?" అన్నాను. వాడు నోరు మెదపలేదు.

మా రోజుల్లో ఈ మాటకు జవాబు చెప్పనిదే తుపాకి చేతికిచ్చేవాళ్ళు కాదు. వేములవాడ నుంచి రుద్రంగి పోయే తొవ్వలో, గుట్టల కింద మా చేను. వానాకాలం మక్క, కొంత జాగల పల్లికాయ. మా బాపుకు పంట కావలి కోసమని సర్కారు లైసెన్సిచ్చిన బర్మారు ఉండేది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీలిక కుక్కి, సీసపు గుండు దించే తుపాకి. 1959 నాటి ఆయుధాల చట్టంలోనే ఆ మాట రాసి ఉంది: పంటను కాపాడుకునే రైతుకు మూతి నుంచి నింపే తుపాకి, ఆత్మరక్షణకో వేటకో అయితే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి గొట్టపు తుపాకి. చేనుకాడికి పొట్టి తుపాకి పనికిరాదని ఆ చట్టం రాసినవాళ్ళకు తెలుసు. మా బాపుకూ తెలుసు.

బర్మారు ఒక్కసారి పేలితే మళ్ళీ నింపేసరికి పంది గుట్ట దాటేది. ఉన్నది ఒక్క గుండు. అందుకని దాన్ని పేల్చడానికి ముందు మనిషి ఎంతో ఆలోచించేవాడు. బాపు ఎప్పుడూ మంచె మీది నుంచి కిందికే కొట్టేవాడు. గురి తప్పినా గుండు పది గజాల అవతల నేలలో దిగబడాలి. అదే లెక్క. నేలకు సమానంగా నిలబడి, చీకట్లోకి కొట్టినవాణ్ణి ఆయన మనిషి కింద జమకట్టేవాడు కాదు.

ఒక రాత్రి నాకు బాగా యాదికుంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పొద్దుగూకినప్పటి నుంచి మంచె మీద కూసున్నం. వెన్నెల పడ్డాక పందుల మంద దిగింది. ముందు ఒక పోతు, క్వింటాలుకు తక్కువుండదు. మక్క కర్రలు పటపట విరుగుతున్నాయి. మంచె కిందికి వస్తే కొట్టేవాడే. అది రాలేదు, గట్టు అంచునే మేసింది. గట్టు అవతల గొల్లల మంద పడుకుని ఉంది. బాపు తుపాకి ఎత్తలేదు. పొద్దున చూస్తే సగం మడి నేలమట్టం. మా అవ్వ ఏడ్చింది. "కండ్ల ముందట చేను పోతుంటె తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూసున్నవా?" అని తిట్టింది. బాపు ఒక్కటే మాటన్నాడు: "మక్క మల్ల పెడుదం. గొల్లోని పిలగాడు మల్ల పుట్టడు."

ఇది వాడికి ఫోన్లో చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

తర్వాత తుపాకి మాటే చెప్పాను, అడిగింది అది గనక. ముదురు పోతుకు జబ్బ మీద తోలు కింద గట్టి పట్టీ ఉంటుంది. పోతులు ఒకదాన్నొకటి కోరలతో కుమ్ముకుంటాయి, ఆ దెబ్బలకు అదే డాలు. మన దేశంలో కాన్పూరులో చేసే థర్టీటూ రివాల్వరు గుండు ఆరేడు గ్రాములుంటుంది, వేగమూ తక్కువే. అది ఆ డాలు మీద ఆగితే పంది చావదు, పిచ్చిదవుతుంది. 1955లో వచ్చిన ఫార్టీఫోర్ మాగ్నమ్ గుండు పదిహేను గ్రాముల పైచిలుకు, దాని దెబ్బ ఎన్నో రెట్లు. పొట్టి తుపాకే పట్టాలంటే అదే పట్టమన్నాను. అదీ విచ్చుకునే మెత్తమొన గుండు కాదు, లోపలిదాకా దిగే గట్టి సీసపు గుండు. ఇరవై ముప్పై గజాలు దాటితే చెయ్యి దించుకోమన్నాను. పన్నెండు బోరైతే ఎల్జీ తూటా, అందులో ఆరు పెద్ద రవ్వలు, దగ్గరి దెబ్బకు సరిపోతుంది. దూరమైతే పొడుగు రైఫిలే. గాయపడ్డ పందిని వెతకకుండా ఇంటికొచ్చినవాడికి మా ఊళ్ళో విలువ ఉండేది కాదు. తెల్లారి కుక్కలతో, బల్లేలతో నెత్తురు జాడ పట్టుకుని పోయేవాళ్ళం.

మా రోజులన్నీ బంగారమని నేననను. గడీల దొరలు వేటకు వెళ్తే డప్పులు కొట్టి అడవి తోలడానికి వెట్టివాళ్ళు పోవాలి. చిన్నప్పుడు మా బాపూ పోయాడు. పంది తిరగబడి తొడ చీల్చినవాడికి దొర ఇచ్చేది ఏమీ లేదు. బహుశా అందుకే ఆయనకు గుండు అవతల ఎవరున్నారో చూసే బుద్ధి వచ్చింది.

ఆ బర్మారు మా ఇంట్లో ఎక్కువ కాలం నిలవలేదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏండ్లలో ఊళ్ళో తుపాకి ఉండడమే గండం. అన్నలు, అంటే నక్సలైట్లు, అడిగితే కాదనలేం, ఇస్తే పోలీసులకు జవాబు చెప్పాలి. బాపు తీసుకుపోయి ఒక ఠాణాలో అప్పజెప్పాడు. రసీదు నా పెట్టెలో ఉంది. తుపాకి తిరిగి రాలేదు.

ఇప్పుడేముంది? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేనిదే పందిని ముట్టరాదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమలై, దాన్ని రెండో షెడ్యూల్లో పెట్టింది. పంటను నాశనం చేసే పందులను పేర్కొన్న వేటగాళ్ళతో కొట్టించే అధికారం మన రాష్ట్రంలో సర్పంచులకిచ్చారు. మంచి మాటే. కానీ మా చుట్టుపక్కల ఎంతమంది రైతులకు లైసెన్సు తుపాకి ఉంది? ఎన్నికలొస్తే ఉన్న ఒకటీ అరా ఠాణాకు పోతుంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది, మళ్ళీ ఎన్నికలయ్యేదాకా ఊళ్ళో ప్రత్యేక అధికారులే ఉన్నారు. పందులు మాత్రం ఆగలేదు. నాలుగు నెలలు మోసి నాలుగైదు పిల్లలను ఈనే జంతువు ఆగుతుందా?

చట్టం తుపాకిని తీసేసిన జాగలోకి కరెంటు తీగ వచ్చింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చేను చుట్టూ తీగ కట్టి దొంగతనంగా కరెంటు వదులుతారు. తీగకు పంది ఏదో, నీళ్ళు పెట్టడానికి రాత్రి మోటరుకాడికి పోయే పక్క చేను రైతు ఎవరో తెలియదు. తెల్లారి శవం లేస్తుంది, ఇద్దరి ఇండ్లూ ఆరిపోతాయి. మేత ముద్దల్లో నాటుబాంబులు పెట్టేవాళ్ళూ ఉన్నారు. దవడ పగిలిన బర్రెను చూసినవాణ్ణి నేను. మంచె మీద నిద్ర కాచిన మనిషి తన దెబ్బ ఎటు పోతుందో చూసుకునేవాడు. తీగ కట్టినవాడు ఇంట్లో పడుకుంటాడు. ఈ కాలపు పిల్లలు సెల్‌ఫోన్లో పిస్తోళ్ళ వీడియోలు చూసి గుండ్ల బరువులు నోటికి చెబుతున్నారు, మంచె కట్టడం ఒక్కడికీ రాదు. పంట కావలికి తుపాకి లైసెన్సు మళ్ళీ రైతుకు ఇవ్వాలి. ఇచ్చే ముందు, పేల్చకుండా తెల్లవార్లు కూసోగలడా అని చూసి మరీ ఇవ్వాలి.

చాలామంది మక్క, పల్లికాయ మానేసి పత్తి పెడుతున్నారు, పంది పత్తి తినదని. ఈ వానాకాలం మా కొడుకు కూడా చేనంతా పత్తే పెట్టాడు. మంచె ఉన్న చింతచెట్టు అట్లనే ఉంది. దాని కింద మంట పెట్టి పచ్చి పల్లికాయ కాల్చుకుని తిన్న నేను, మొన్న వేములవాడ రాజన్న గుడి ముందు కిలో పల్లికాయ కొనుక్కొచ్చాను.