మనశ్శాంతి ఫ్రీ, షరతులు వర్తిస్తాయి

హైటెక్ సిటీ ఉద్యోగ ప్రకటనల్లో ఈమధ్య జీతం కంటే ముందు మనశ్శాంతి కనిపిస్తోంది. ఉచిత కౌన్సెలింగ్, ధ్యానం యాప్, వెల్‌నెస్ రూమ్... పెళ్ళిచూపులకు పక్కింటి సోఫా తెచ్చి వేసినట్టు!

చేరాక చూస్తే ఆ రూములో పాత మానిటర్లు. తాళం హెచ్‌ఆర్ దగ్గర. కౌన్సెలర్‌ని కలవాలంటే ఫారంలో ‘కారణం’ నింపి మేనేజర్ చేత అప్రూవ్ చేయించుకోవాలి. కారణం మేనేజరే అయితే? దానికి గడి పెట్టలేదు. ‘ఒత్తిడిని జయించడం ఎలా’ వెబినార్ మాత్రం శుక్రవారం రాత్రి 9కి. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి.

ఇక పెద్దల పాట వేరు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటల పని అన్నారు. 2025లో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారి పాట 90. వారానికి ఉన్నవే 168 కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే వేలం ఎక్కడిదాకా పోయేదో!

కేంద్రం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పైసా అడగరు, మేనేజర్ సంతకమూ అడగరు. ఫోన్ చేసే తీరిక ఎక్కడిదంటారా? అది 24 గంటలూ పలుకుతుంది లెండి, సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యాక తెల్లారుజామున చేసుకోవచ్చు.