బూజుకు చదువు రాదు

పీచ్, ప్లమ్, ఆప్రికాట్ వంటి టెంకపండ్ల మొక్కలు అమ్మేవారు ‘గోధుమరంగు కుళ్ళును తట్టుకునే రకం’ అన్న బిరుదును ఎంత ధారాళంగా పంచిపెడతారో చూస్తే, ఆ కుళ్ళు తెచ్చే మోనిలీనియా అనే శిలీంధ్రం వారి జాబితాలు చదువుకుని, తనకు ప్రవేశం లేని చెట్లను తప్పించుకుని, వినయంగా పక్క తోటకు వెళ్ళిపోతుందని నమ్మాల్సి వస్తుంది. పచ్చికాయ తొక్కలో కిమ్మనకుండా నక్కి, పండు మాగాక గిడ్డంగిలో గోధుమరంగు మచ్చగా బయటపడి, తాకిన ప్రతి పండుకూ పాకే ఈ బూజుకు అంతటి అక్షరజ్ఞానం ఉన్నట్టు శాస్త్రం చెప్పదు.

బిరుదు పుట్టేది పరీక్షాగదిలో. గీతపడని పండ్లను ఏరి, సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం తన సంతతిని వ్యాపింపజేసే సూక్ష్మకణాలు, కలిపిన నీటిబొట్టును తొక్క మీద వేసి, కొన్నాళ్ళకు మచ్చ ఎంత పెరిగిందో కొలుస్తారు. బొలీన్యా అనే బ్రెజిల్ పీచ్ రకం ఇలాంటి పరీక్షల్లోనే పేరు తెచ్చుకుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొత్త రకాల రూపకల్పనలో దాన్ని వాడుకుంది. అయితే దాని బలం చాలావరకు తొక్కలోనూ, తొక్కను కప్పి ఉంచే అవభాసిని అనే మైనపు పొరలోనూ ఉంది కనుక, గాటు పడితే బొలీన్యా కూడా మామూలు పీచే. పైగా పండు చిన్నది, కోస్తే త్వరగా రంగు మారుతుంది. పరిశోధకులు ఇవేవీ దాచలేదు. ప్రకటన రాసేవారికే, పాపం, కాగితంలో చోటు చాలదు.

కోసేవారి గోరు, బుట్ట అంచు, వడగళ్ళు, కందిరీగ, పండ్లను దొర్లించే ప్యాకింగ్ యంత్రం, వీటిలో ఏదీ తొక్కను గాయపరచనని పరీక్షాగదికి హామీపత్రం రాసివ్వలేదు. శీతల గిడ్డంగిలో సున్నా డిగ్రీల దగ్గర రైజోపస్ అనే మరో బూజు ఆగిపోతుంది గాని, మోనిలీనియా నెమ్మదిస్తుందే తప్ప ఆగదు; పోనీ కరెంటు ఖర్చు కలిసొస్తుందని ఐదు డిగ్రీల దగ్గర నిల్వ ఉంచితే, బూజు రాకముందే గుజ్జు రసం కోల్పోయి పిండిపిండిగా తయారవుతుంది. ఇక పచ్చిగా కోసిన గట్టి కాయ కొన్నాళ్ళు కుళ్ళకపోతే ఆ ఘనత కోసినవారి తొందరది. దాన్ని రకం ఖాతాలో జమకట్టడం వ్యాపార దక్షత.

నిరోధకతను నిజంగా సాధించినవారు ఈ కథలో లేకపోలేదు. 1970వ దశకంలో బెనోమిల్ అనే శిలీంధ్రనాశినిని తోటల మీద పదేపదే చల్లితే, కొద్ది సంవత్సరాల్లోనే ఆ మందుకు లొంగని మోనిలీనియా తయారైంది. దానికి మాత్రం ఏ జాబితాలోనూ బిరుదు ఇవ్వలేదు.