పోలీసు బూట్ల రెండో జన్మ

ఈ బూట్లు తమ కథను సికింద్రాబాద్ నుంచి మొదలుపెడతాయి. మొదట్లో ఓ పోలీసు కాళ్లకు ఉండి పెరేడ్ చేశాయి. అరిగి మూలపడ్డాక చెప్పులు కుట్టేవాడి చేతికి వచ్చాయి. అతను మడమలు ఊడదీసి, అడుగున తోలు బిళ్లలు పేర్చి మేకులు కొట్టాడు. బండబారిన తోలు, వేళ్లు ఒరుసుకుపోయేవి. అయినా ఫుట్‌బాల్ బూట్లే! వాటిని మురిపెంగా తొడుక్కున్న కుర్రాడు తులసీదాస్ బలరాం. 1936లో అమ్ముగూడలో పుట్టాడు. తమిళ కుటుంబం, కొత్త జత కొనే స్తోమత లేదు.

వీరులపాడు, నందిగామ వైపు కుర్రాళ్లకు కబడ్డీ తెలిసినంతగా ఈ పేరు తెలియకపోవచ్చు. అందుకే బూట్లు నోరు విప్పాల్సి వచ్చింది.

అసలు మన ఫుట్‌బాల్‌కు బూట్లే ఆలస్యంగా అలవాటయ్యాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతోనే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనది ఒక్కటి. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు.

బలరాంను పట్టుకున్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. ప్రాక్టీసుకు రోజూ హైదరాబాద్ రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు నసిగితే, అద్దె సైకిలుకు తన జేబులోంచి ఇచ్చాడు. 1956లో దేశవాళీ ఫుట్‌బాల్ కప్పు సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ జట్టుకు వచ్చింది. ఆ ఏడే బలరాం మెల్‌బోర్న్ వెళ్లాడు. ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం.

ఆ రోజుల్లో ఆటగాడికి అన్నం పెట్టింది పోలీసు, సైన్యం, రైల్వే జట్లు.

1957లో బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. పాత జత ఇంట్లోనే ఉండిపోయింది. కబుర్లు మాత్రం వచ్చేవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడట. హంగరీ 2-1తో గెలిచినా, మనవాళ్లు చివరిదాకా చెమటలు పట్టించారట. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ కలిస్తే ఎదుటి డిఫెన్స్‌కు ఊపిరాడేది కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ ఏడే బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

అంతలోనే ఆట ఆగింది. కాళ్లు బాగానే ఉన్నాయి, చెడింది ఊపిరితిత్తులు. 1963లో, ముప్పై ఏళ్లయినా నిండకముందే బలరాం రిటైరయ్యాడు. రహీం కూడా అదే ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు.

ఆ తర్వాత బలరాం బెంగాల్‌లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికాడు. పెళ్లి చేసుకోలేదు. పీకేకూ చునీకీ పద్మశ్రీ ఇచ్చారు. మూడోవాడి పేరు మాత్రం, 2023 ఫిబ్రవరి 16న అతను కన్నుమూసేదాకా, ఆ జాబితాలోకి ఎక్కలేదు.