రంధ్రముల పెట్టె

కృష్ణానదిని చుక్క కారకుండ నిలువరించుటకై పుట్టిన ఊరు సున్నిపెంట. 1963వ సంవత్సరము జూలై 24వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసినది మొదలు, 512 మీటర్ల పొడవున శ్రీశైలపు ఆనకట్ట కొండకును కొండకును నడుమ లేచి నిలుచువరకును, ఇంజనీర్లు, ఓవర్సీర్లు, మేస్త్రీలు, కూలీలు ఈ నల్లమల యడవిలో క్వార్టర్లు వేసికొని, ఎక్కడ చెమ్మ తగిలిన అక్కడికి పరుగెత్తుచు, రంధ్రమే పరమశత్రువని నమ్మి కాపురములు చేసిరి. అట్టి ఊరిలో, అట్టి క్వార్టరులోనే, నా సహధర్మచారిణి వీథివాకిట పీట వేసికొని, కొక్కెపు సూదియు నూలుదారపు ఉండయు చేతబట్టి, ఉదయాదిగా సాయంకాలముదాక రంధ్రములను నిర్మించుచుండును. క్రోషియా అల్లికలో దారము నిమిత్తమాత్రము. అసలు సరకు రంధ్రమే. రంధ్రము చిన్నదైన పనితనము, పెద్దదైన అందము, వంకరయైన క్రొత్త డిజైను!

ఆమె పుట్టినిల్లు నరసాపురపు ప్రాంతము. ఆ సీమలో ఆడుబిడ్డకు లేసు అల్లిక అక్షరాభ్యాసమునకు ముందే అబ్బునని వాడుక. క్రైస్తవ మిషనరీల వలన 19వ శతాబ్దిలో గోదావరి తీరమున నాటుకొన్న ఈ విద్య, ఇంచుమించు ఆ కాలముననే ఐర్లండు దేశమున బంగాళాదుంప పంట చచ్చి జనులు ఆకటితో అలమటించుచుండగా అక్కడి స్త్రీలకును గంజిపోసినది. విలాసినుల మేజాలమీద పరచుకొను వస్తువు పేదరాండ్ర పొయ్యి వెలిగించుట లోకములోని చిత్రములలో నొకటి. మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురమునకు వచ్చి, ఇండ్లలో కూర్చుండి అల్లువారిని పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఎగుమతి సరకును తయారుచేయు ఆ స్త్రీలను లోకము కార్మికులనక గృహిణులనియు, వారి శ్రమను తీరికవేళల పని యనియు చెప్పుకొని, కూలి తెగ్గోయుచున్నదని ఆమె తేల్చినది. నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చుట 2024వ సంవత్సరము మాట. ఆ వార్త చదివిన నాటినుండి మా యింటిలో "ఆ దారాలేమిటి, కాళ్ళకడ్డంగా" అని గొణుగు హక్కు నాకు పూర్తిగా పోయినది.

ఇక పెట్టె సంగతి. మా యింట బొమ్మలకొలువు కలదు. కొండపల్లి దశావతారములు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, తిరునాళ్ళలో కొన్న మట్టి సెట్టిగారును ఆయన భార్యయు అందులో ప్రధానులు. కోస్తావారు సంక్రాంతికి కొలువు తీర్తురు. రాయలసీమలో దసరాకు తీర్చువారు కలరు. ప్రాజెక్టు కాలనీ యనగా అన్ని జిల్లాలవారును ఒక్క కుళాయి నీరు త్రాగు స్థలము గనుక, మా బొమ్మలకు రెండు పండుగలును తప్పవు. పండుగ వెళ్ళిన మరునాడు అవి పాతచీరల పేలికలలో చుట్టబడి మంచము క్రిందికి పోవును. నిరుడు సంక్రాంతి పిమ్మట ఆమె ఆ మూటలవంక జాలిగా చూచి, "దేవుళ్ళనండీ పాతగుడ్డల్లో కుక్కేది? ఒక మంచి పెట్టె అల్లేస్తాను" అన్నది.

"అల్లేస్తావా? పెట్టెనా?"

"మీరు ఊరుకోండి. గుండ్రంగా వస్తుంది, చూడండి."

గుండ్రముగా వచ్చుటలోని రహస్యమును నే నప్పుడే కనుగొంటిని. ముందు దారమును చిన్న వలయముగా చుట్టి అందులో 6 కుట్లు వేయుదురు. రెండవ వరుసకు 12, మూడవదానికి 18, పిదప 24, ఇట్లు వరుసకు ఆరేసి పెంచుకొనుచు పోయినచో అడుగుభాగము చాపవలె చదునుగా పరచుకొనును. పెంచుట మానినంతనే గోడ తనంతట తాను పైకి లేచును. తక్కువగా పెంచిన గిన్నె యగును. మితిమీరి పెంచిన అంచులు కుచ్చెళ్ళుగా ముడుతలు పడిపోవును. ఆ ముడుతలనే దైనా తైమినా అను గణితాచార్యురాలు 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున దారముతో అల్లి, కాగితముమీద గీచి చూపుటకు లొంగని ఒకానొక వక్రతలమును విద్యార్థుల చేతికిచ్చినదట. ఈ సంగతి చెవిని వేసిన వెంటనే మా యావిడ, గోడ మొదట ముడుతపడిన చోటు చూపి, "ఇది లెక్కల శాస్త్రమండీ" అని తేల్చివేసినది.

పని మాత్రము సాగుచునే యుండెను. శివరాత్రి వచ్చినది. శ్రీశైలమున ఆ రాత్రి దీపములన్నియు ఆర్పి, చేనేత భక్తుడు దిగంబరుడై గర్భాలయ విమానమునుండి ముఖమండపముమీది నందులకు పాగా చుట్టు వేడుకకు మేమును పోయితిమి. ఆ వస్త్రమును దినమునకొక మూర చొప్పున ఏడాది పొడుగున నేయుదురని ప్రక్కనున్న పెద్దమనిషి చెప్పుచుండగా ఆమె శ్రద్ధగా వినుటను గమనించితిని గాని, దాని ఫలితమును ఊహింపనైతిని. కొండదిగి వచ్చిన మరునాడు, "పెట్టె ఇంకెన్నాళ్ళు?" అని అడుగబోవగా, "మల్లన్న పాగాకే ఏడాది పట్టింది. మన మట్టి సెట్టిగారికి అంత తొందరేమిటి?" అని సమాధానము. ఆమె వాదమున ఈశ్వరుడు సాక్షియైన పిదప ఇక పునర్విచారణ యుండునా?

తుదకు పెట్టె పూర్తియైనది. కమలములు, నెమళ్ళు, మూతకు కుచ్చు! చూడ ముచ్చటయే గాని, అది నిలుచుండదు. గోడలు నాలుగు దిక్కులకును వ్రాలిపోయినవి. అప్పుడు ఆళ్లగడ్డ నుండి వచ్చి మా ప్రక్క క్వార్టరులో నుండు ఇల్లాలు, "ఏం వదినా, ఇంత మాత్రానికే దిగులా? చక్కెర పాకంలో ముంచి ఎండబెట్టు, బిగుసుకుంటాది" అని ఉపదేశించినది. విధానము శాస్త్రసమ్మతమే, లేసునకు చక్కెరనీటితో బిగువు పట్టించుట పాశ్చాత్యదేశములలోను పాతపద్ధతియే. ఎండువరకు ఆకారము చెడకుండుటకు అచ్చు కావలెను గదా! మా బియ్యపు డబ్బా ఖాళీ చేయబడినది. బియ్యము బిందెలోనికి పోయినది. పాకమోడుచున్న పెట్టె డబ్బాకు తొడుగబడి వాకిట ఎండకెక్కినది. నేను ఆ డబ్బాను చూచితిని: ఇనుపరేకు, బిగుతైన మూత, పదిమంది సెట్టిగార్లు పట్టు లోతు. "బొమ్మలను దీనిలోనే..." అని నోరు తెరచితిని. ఆమె నావంక చూచినది. మూసికొంటిని.

సున్నిపెంటలో తినదగు వస్తువును వాకిట పెట్టుట ఎట్టిదో ఇచ్చటివారికి విన్నవింప నక్కరలేదు. మొదట చీమలు వచ్చినవి. నెమలి కంటిలోనుండి చొచ్చి, కమలపు రేకుల వెంట వెలువడుచు, ఆ రంధ్రములన్నియు తమ రాకపోకలకే అల్లబడినట్లు అవి బారులు తీరినవి. పిదప నల్లమల కోతులు విచ్చేసినవి. అందులో నొకటి మూతను నెత్తిన బెట్టుకొని గోడయెక్కి, తీరికగా కుచ్చు చప్పరించినది. ప్రక్కింటి యిల్లాలు కర్రతోను, మా యావిడ సూదితోను తరుమగా మూత దక్కినది, కుచ్చు దక్కలేదు. తరువాత పెట్టెను కడిగి, ఈ మారు గంజి పట్టించి, ఇంటిలోపల ఆరబెట్టిరి.

ఇప్పుడది తిన్నగా నిలుచున్నది. బొమ్మలు లోపల నున్నవి. అంబారీ ఏనుగు తొండము మాత్రము ఒక రంధ్రమునుండి బయటికి చాచుకొని వచ్చిపోవువారి చొక్కాలను తగులుకొనుచున్నది. చూచినవారెల్లరు పెట్టెను మెచ్చుకొందురు. బొమ్మలనడిగిన వారు లేరు. దుమ్ము పడునని దానిపై పాతచీర కప్పబడినది. గంజివాసనకు బొద్దింకలు చేరునని భయము వేరు. కావున ఈ పెట్టెను భద్రపరచుటకు తగిన ట్రంకుపెట్టె ఎవరివద్దనైన ఉన్నచో కబురు పంపవలసినదిగా పాఠకమహాశయులను వేడుచున్నాను. వెల ఎంతయైనను ఇచ్చెదము. తాళము మాత్రము గట్టిదై యుండవలెను. మా ఊరి కోతులకు గొళ్ళెము తీయుట వచ్చును.