బేస్‌లైన్ బావగారు

మా బావగారు టెన్నిస్ రాకెట్ పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. బ్యాంకు రిక్రియేషన్ క్లబ్బులో టెన్నికాయిట్ రింగు విసిరేవారు, అంతే. అయినా బెంగళూరు కబ్బన్ పార్కు కోర్టుల్లో ఐటీఎఫ్ మహిళల టోర్నీ మొదలైందంటే ఆ వారం ఆయనంత తీరికలేని కోచ్ ఉండడు.

పెద్ద టోర్నీలు ఆయనకు గిట్టవు. టికెట్టు కొనాలి, పైగా ఎక్కడో పైన కూర్చోవాలి. అక్కణ్నుంచి చెబితే ఆ పిల్లకి వినబడొద్దూ? ఇక్కడ క్వాలిఫయింగ్ మ్యాచ్‌కి గ్యాలరీలో పట్టుమని పదిమంది ఉండరు. ఆయన గొణిగినా బేస్‌లైన్ దాకా చేరుతుంది.

"డబ్ల్యూ 15, డబ్ల్యూ 35 అంటే వయసులా?" అంటుంది మా అక్క. "గెలిచినమ్మాయికొచ్చే ర్యాంకింగ్ పాయింట్లే, ఎన్నిసార్లు చెప్పాలి!" అని విసుక్కుంటూనే పులిహోర డబ్బా అందుకుంటారు.

పదిన్నరకల్లా హార్డ్‌కోర్టు సెగలు కక్కుతుంది. నీడ ఒకవైపే ఉంటుంది కనుక బావగారూ ఒకవైపే ఉంటారు. బేసి గేములు కాగానే ఆటగత్తెలు వైపులు మారతారు, ఈయన మారరు. ఇవతలికొచ్చినమ్మాయే శిష్యురాలు. "బ్యాక్‌హ్యాండ్‌కే కొట్టమ్మా, ఆ పిల్లకి అది రాదు" అన్న నోటితోనే, ఆ రానిపిల్ల ఇటు రాగానే "నీ బ్యాక్‌హ్యాండ్‌కి ఢోకా లేదు తల్లీ" అంటారు. పక్షపాతం బొత్తిగా లేని మనిషి.

2025 నుంచి కోచ్‌లు పాయింట్ల మధ్య సలహా చెప్పొచ్చని నిబంధన మారింది. అది తనకోసమే మార్చారని ఆయన నమ్మకం. బంతి పడ్డ మచ్చ చూసి తేల్చడం మట్టి కోర్టుల పద్ధతి, హార్డ్‌కోర్టు మీద చూడరు. ఈయన మాత్రం రెయిలింగ్ మీదికి వంగి, గొడుగు మొనతో "అదుగో, అక్కడే" అని చూపిస్తారు. అంపైరు "క్వైట్ ప్లీజ్" అనగానే వెనక్కి తిరిగి, "నిన్నేరా, నోరు ముయ్యమంటున్నారు" అంటారు నాతో. అప్పటిదాకా నేను నోరు విప్పింది పులిహోర తినడానికే.

ఇక సానియా సంగతి. 2005లో హైదరాబాద్‌లో బొండారెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. బావగారప్పుడు స్టాండ్స్‌లో ఉన్నారట. రెండో సెట్ ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. ఈయన టీకి వెళ్లారు.

ఇంత వేధించే మనిషి, మ్యాచ్ అయ్యాక మాత్రం గెలిచినమ్మాయి వైపు చూడరు. తొలి రౌండులో పోయినవాళ్లకొచ్చే డబ్బు హోటలు గదికీ చాలదని ఆయనకు తెలుసు. మొన్న ఓడినమ్మాయి మెట్ల మీద కూర్చుని రాకెట్ గ్రిప్పు ఊడదీస్తూ, ఫోన్లో వాళ్లమ్మకి తెలుగులో సంగతి చెబుతోంది. ఈయన వెళ్లి, మిగిలిన పులిహోర డబ్బా చేతిలో పెట్టి, "ఏ ఊరమ్మా?" అన్నారు. గుంటూరట. రెండు ముద్దలు తిననిచ్చి మొదలెట్టారు:

"రెండో సర్వ్ భయపడుతూ వెయ్యకూడదమ్మా."

"అవతలమ్మాయికీ ఇదే చెప్పారు కదంకుల్!"

"చెప్పాను. ఆ అమ్మాయి విన్నది."