మనీప్లాంటుకు మూడు పూటలా!

పసుపు పండించే ఇంట్లో పుట్టి, నిజామాబాద్‌ అపార్ట్‌మెంటులో ఒక మనీప్లాంటును బతికించుకోలేకపోతే ఎంత నామోషీ! అందుకే తెచ్చిన నాటి నుంచి మూడు పూటలా చెంబెడు నీళ్లు పోశా. పదిహేను రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. జిల్లా పంటే కదా అని మురిశా.

ఊరి నుంచి వచ్చిన అమ్మ కుండీలో వేలు పెట్టి, వాసన చూసి, ముక్కు మూసుకుంది. 'గిన్ని నీళ్లేంది బిడ్డా? పసుపు చేన్లనే నీళ్లు నిలిస్తె దుంప కుళ్లుతది. అడుగున తూటు గూడ లేకపాయె!' టీవీ బల్ల తడుస్తుందని ఆ తూటును సిమెంటుతో మూసింది నేనే. చెప్పలేదు.

బోధన్‌ శక్కర్‌నగర్‌ చక్కెర ఫ్యాక్టరీది ఇంకో తరహా తడి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది మొదలు ఎన్నికకోసారి హామీలతో తడుపుతూనే ఉన్నారు. వేరుదాకా చుక్క దిగదు.

అమ్మ కుళ్లిందంతా కోసి పారేసి, కణుపున్న తీగ ముక్కను గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టింది. రెండు వారాలకు తెల్లటి వేరు తొంగిచూసింది.

సీసా ఖాళీ అయ్యాక బోధన్‌కు పంపమంటారా?